సారా కాచేవారు ఎందరు?

కొండ పక్క పల్లెలో దొంగసారా బట్టీ పట్టుకొన్నారన్న వార్త మన తిరుపత్తూరు వారికి కొత్త కాదు. ఎన్ని కుండలు పగులగొట్టినారు, బెల్లపు ఊట ఎన్ని లీటర్లు పారబోసినారు, ఎవరెవరు దొరికినారు అన్నీ అందులో ఉంటవి. దొరకనివారెందరు అని మాత్రం మనం అడుగము. కేసులు తగ్గితే సారా తగ్గిందని సంతోషిస్తాము. తగ్గినది సారాయో, పోలీసుల తిరుగుడో!

ప్రశ్న పాతదే. మద్యనిషేధం సేలం జిల్లాకు 1937లో, చిత్తూరు, కడపలకు 1938లో, మన ఉత్తరార్కాటుకు 1939లో వచ్చినది. నాటినుండీ చాటున కాచేవారు ఉంటూనే ఉన్నారు. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో మిథనాలు కలిసిన సారా త్రాగి అరువదిమందికి పైగా చనిపోయినారు. ఎక్కడ ఎందరున్నారో తెలియకపోవడం ఎంత ప్రమాదమో ఆ ఇండ్లవారిని అడగాలి.

కనబడనివారిని లెక్కించే ఉపాయం ఒకటి చేపలవారి దగ్గర ఉన్నది. చెరువులో నూరు చేపలు పట్టి, గుర్తు వేసి, వదిలిపెడతారు. కొన్నాళ్ళకు మళ్ళీ వల వేస్తే ఏబది పడినవనుకొందాము. వాటిలో గుర్తున్నవి పది. అంటే అయిదింట ఒకదానికి గుర్తున్నది. గుర్తు వేసినవి నూరు గనుక చెరువులో సుమారు 500 ఉండాలి. డెన్మార్కు దేశపు పీటర్సన్ 1890లలో సముద్రపు చేపలకు ఇట్లే గుర్తులు కట్టినాడు. కెనడాలోని క్విబెక్‌లో గంజాయి పెంచేవారిపై ఇటువంటి లెక్కే మార్టిన్ బుషార్ అనే పండితుడు కట్టి 2007లో ప్రకటించినాడు. ఒకసారి పట్టుబడినవారెందరు, రెండుసార్లు పట్టుబడినవారెందరు అన్నదే ఆయనకు ఆధారం. పోలీసు రికార్డే వల అన్నమాట.

మరి మన సారావారికి ఇది పనికివస్తుందా? గుమాస్తా పనిలో రిజిస్టర్లు తిరగేసే మాకు ఒక అనుమానమున్నది. చేప గుర్తు చెరిగిపోదు, మనిషి పేరు చెరిగిపోతుంది. తమిళ లిపిలో ప, బ, భలకు అక్షరం ఒకటే. అక్కడ వ్రాసిన బాలయ్యను ఇంకొకరు పాలయ్యగా చదువుతారు. మన ఇంటిపేరు పోయి తండ్రిపేరులోని మొదటి అక్షరం ముందుకు వస్తుంది. అదే మనిషి నాట్రంపల్లి దాటి కుప్పం వైపు దొరికితే ఆంధ్ర పోలీసుల పుస్తకంలో ఇంటిపేరుతో ఎక్కుతాడు. రెండు పుస్తకాలు, రెండు పేర్లు, మనిషి ఒక్కడే. మన ఇండ్లలో మాత్రం రేషను కార్డులో ఒక పేరు, బడి సర్టిఫికేటులో ఇంకొక పేరు ఉన్నవారు లేరా?

పై లెక్కలో పదిమంది పాతవారిలో అయిదుగురిని గుర్తుపట్టకపోయినామనుకోండి. 500 కాస్తా 1000 అవుతుంది! కొండమీద ఒక్క బట్టీ పెరగలేదు, పెరిగినది మా వంటి గుమాస్తాల వ్రాతతప్పు. ఆ వెయ్యిని నమ్మి పల్లెపల్లెకూ పోలీసులను పంపితే ఏ పాపమెరుగని ఇల్లు కూడా సోదాకు గురి అవుతుంది.

తప్పు ఎదురువైపూ జరుగవచ్చు. బాటకు దగ్గరి గుడిసెనే మాటిమాటికీ సోదా చేస్తే పాతముఖాలే మళ్ళీమళ్ళీ దొరుకుతవి, లెక్క చిన్నదవుతుంది, జవ్వాదు కొండల లోపలివాడు లేనట్టే. జైలులో ఉన్నవాడు రెండవ వలలో పడే వీలే లేదు గనుక వానిని విడిగా తీసివేయాలి.

ఇన్ని సవరణలు చేసిన మీదట వచ్చేది కచ్చితమైన అంకె కాదు, ఇంతకు తక్కువ కాదు, ఇంతకు ఎక్కువ కాదు అన్న హద్దు. ఆ హద్దయినా కావాలంటే పట్టుబడినవాని పేరుతోపాటు తండ్రిపేరు, పుట్టిన సంవత్సరం, ఊరు రెండు రాష్ట్రాలవారూ ఒకే తీరున వ్రాసుకోవాలి.