ఇరవై నిమిషాలు – ఇరవై సెకన్లు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మూడు దశాబ్దాలుగా భారీ యంత్రాల నడుమ పనిచేస్తున్న నాకు, అరచేతిలో ఇమిడే ఒక చిన్న బోర్డు ఈ సామెతను కొత్తగా బోధించింది. మైక్రోకంట్రోలర్‌తో తొలి ప్రయోగాలు చేయదలచిన మన ఉద్యోగ మిత్రులకు, వారి పిల్లలకు ఉపయోగపడగలదన్న ఆశతో ఆ అనుభవాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మైక్రోకంట్రోలర్ అనగా ప్రాసెసరు, మెమరీ, ఇన్‌పుట్–అవుట్‌పుట్ ద్వారాలు ఒకే చిప్పులో అమరిన చిన్న కంప్యూటరు. మా తరంవారికి పరిచయమైనది 1980లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 8051. ఆ తరువాత 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో రూపుదిద్దుకొన్న ఆర్డుయినో, ఈ విద్యను ఔత్సాహికుల ముంగిటికి తెచ్చింది. నేను వాడిన నానో బోర్డులోని ఏటీమెగా 328 చిప్పుకు ఉన్నది 32 కిలోబైట్ల ప్రోగ్రాము మెమరీ, 2 కిలోబైట్ల ర్యాము మాత్రమే.

మేము నివసించే వైశాలికి గంగాజలం సరఫరా అవుతుంది. అయితే ఏటా దసరా–దీపావళి రోజులలో ఎగువ గంగా కాలువను శుభ్రపరచుటకు మూసివేసినప్పుడు నీటికి కటకట తప్పదు. ఒక్క చుక్క కూడా వృథా కారాదని, మేడమీది ట్యాంకు నిండగానే మోటారును ఆపే పరికరాన్ని తయారుచేయ సంకల్పించాను. ఫ్లోటు స్విచ్చి ఇరుక్కుపోయినా 20 నిమిషాలకు మోటారు ఆగిపోవాలన్నది అదనపు రక్షణ.

మొదటి రోజు కంప్యూటరు బోర్డును గుర్తించనే లేదు. డ్రైవర్లను రెండుసార్లు మార్చాను. చివరకు దోషం కేబులుదని తేలింది. పాత ఫోను ఛార్జరుకు చెందిన ఆ కేబులులో విద్యుత్తును తీసుకువెళ్ళే తీగలే ఉన్నాయి, సమాచారాన్ని మోసే తీగలు లేవు. బోర్డుపై దీపం వెలిగినంత మాత్రాన కేబులు మంచిదని భావించడం నా పొరపాటు.

రెండవ అవరోధం వేగానికి సంబంధించినది. పాత బూట్‌లోడరు గల నానో 57,600 బాడ్ వేగంతోను, కొత్తది 1,15,200 వేగంతోను సంభాషిస్తుంది. మెనూలో సరియైన దానిని ఎంచుకోనంతవరకు ప్రోగ్రాము ఎక్కలేదు. మూడవది బటను. నొక్కకపోయినా నొక్కినట్లు చూపేది. ఎటూ కలపకుండా వదిలిన పిన్ను పరిసరాలలోని విద్యుత్ ప్రభావానికి ఊగిసలాడుతుంది. చిప్పు లోపలే ఉన్న పుల్‌అప్ నిరోధకాన్ని ప్రోగ్రాము ద్వారా కలపగానే బటను స్థిమితపడింది.

అసలు పరీక్ష ఆ తరువాత ఎదురైంది. బల్లమీద 10 సెకన్ల గడువుతో పరీక్షించినప్పుడు పరికరం నిర్దుష్టంగా పనిచేసింది. గడువును 20 నిమిషాలకు మార్చి, అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియను చేత కాంటాక్టరు ద్వారా మోటారుకు కలిపించాను. మర్నాడు ఉదయం పండుగకు వచ్చిన బంధువులు స్నానాలకు వేచి ఉండగా, “ఏమండీ, ట్యాంకులో నీళ్ళే లేవు. ఆ పాత స్విచ్చే నయం” అన్నది మా శ్రీమతి. మోటారు తిరగడం, అంతలోనే ఆగిపోవడం!

తొందరపాటులో రిలేను, విద్యుత్ సరఫరాను, ఫ్లోటు స్విచ్చిని ఒకేసారి మార్చాను. ఫలితం శూన్యం. పైగా దోషం ఎక్కడ లేదో కూడా తెలియకుండా పోయింది. చివరకు గడియారం ముందు పెట్టుకొని, మోటారు ఆగిన ప్రతిసారి కాలాన్ని కాగితంపై వ్రాశాను. ప్రతిసారీ 20 సెకన్లే. వదులైన తీగ ఇంత క్రమశిక్షణతో ప్రవర్తించదు. కాబట్టి దోషం లెక్కలోనే ఉండాలి.

ప్రోగ్రాములో గడువును మిల్లీసెకన్లలో 20 × 60 × 1000 అని వ్రాశాను. అది 12,00,000 కావలసి ఉండగా, ఈ చిప్పుపై సాధారణ పూర్ణసంఖ్యకు కేటాయించబడేవి 16 బిట్లు. దాని గరిష్ఠ విలువ 32,767. అందులో ఇమడని సంఖ్య 65,536 చొప్పున తరుగుతూ పోయి చివరకు 20,352గా మిగిలింది. అనగా ఇరవై సెకన్ల పైచిలుకు! ప్రతి సంఖ్య ప్రక్కన యు, ఎల్ అను రెండక్షరాలు చేర్చి, దానిని 32 బిట్ల సంఖ్యగా పరిగణించమనగానే సమస్య తీరింది. కంపైలరు దీనిని హెచ్చరించగలదు. అయితే ఆర్డుయినోలో హెచ్చరికలు మొదట ఆపివేయబడి ఉంటాయి. ప్రిఫరెన్సెస్‌లో వాటిని చూపమని కోరుట ప్రారంభకులు చేయవలసిన తొలి పని.

ఇది ప్రారంభకులకే పరిమితమైన పొరపాటు కాదు. 1996 జూన్ 4న ఐరోపాకు చెందిన ఏరియేన్ 5 రాకెట్టు తొలి ప్రయోగంలోనే సుమారు 40 సెకన్లకు విచ్ఛిన్నమైంది. ఒక పెద్ద సంఖ్యను 16 బిట్లలో ఇమిడ్చబోవడమే అందుకు మూలం. ఏరియేన్ 4కు సరిపోయిన ప్రోగ్రాము భాగాన్ని, మారిన పరిస్థితులలో పరీక్షించకుండా కొత్త రాకెట్టులో వాడారు. నా 10 సెకన్ల పరీక్షలోని లోపమూ అటువంటిదే.

కావున మిత్రులకు నా మనవి: కేబులు వంటి సులభమైన వాటిని మొదట పరీక్షించండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. చూసినదానిని కాగితంపై వ్రాయండి. అసలు పనిలో వాడబోయే విలువలతోనే తుది పరీక్ష జరపండి. 230 వోల్టుల జోలికి మాత్రం అనుభవజ్ఞుల తోడు లేకుండా పోవద్దు.

ప్రస్తుతం మా ట్యాంకు సక్రమంగా నిండుతున్నది. పాత స్విచ్చిని తొలగించడానికి మాత్రం మా శ్రీమతి అంగీకరించలేదు. ఇంజనీరుగా ఆ ముందుజాగ్రత్తను నేనూ పూర్తిగా సమర్థిస్తున్నాను.