బడిలో దాగిన వీరులు

మన విద్యార్థులలో బెక్కండ్రు సెలవుదినములందు సెల్లుఫోనులలో జపానుదేశపు బొమ్మల చిత్రములను జూచుచున్నారు. ఈ చిత్రములకు 'అనిమే' యని పేరు. వీనిలో నొక తరగతి కథలు మన పిల్లలకు మిక్కిలి ప్రీతిపాత్రములై యున్నవి. ఆ కథలలోని నాయకుడు మహాబలుడు, కొండనైన నెత్తగలవాడు, ఇతరుల మనసులోని మాటను వినగలవాడు. అయినను బడిలో జివరి బల్లమీద గూర్చుండి, తన శక్తి నెవ్వరికిని దెలియనీయక, సామాన్యునివలె సంచరించుచుండును. తల్లిదండ్రులు కొందఱు "ఈ బొమ్మలలో నేమున్నది? వీనివలన మా పిల్లలకు మేలా, కీడా?" యని మమ్ము నడుగుచున్నారు. వారికిని, ఆ చిత్రములను జూచు విద్యార్థులకును ఉపయోగపడునట్లు ఈ కథల స్వభావమును, వీనికిని మన భారతకథకును గల చుట్టఱికమును, మన భావనపాడు తీరపు బిడ్డలకు వీనివలన గ్రహింపదగిన విషయమును ఈ వ్యాసమున వివరింపబూనితిమి.

అనిమే యనగా చిత్రకారులు గీసిన బొమ్మలను వరుసగా జూపి కదలునట్లు చేయు చలనచిత్రము. ఇందు బెక్కులు 'మాంగా' యను బొమ్మల కథలనుండియో, నవలలనుండియో పుట్టినవి. వీనిని జదువువారిలో బాలబాలికలు మెండుగా నుండుటచే కథారంగము తఱచుగా బడియే యగుచున్నది. తరగతిగది, పరీక్ష, వరుస సంఖ్య, మధ్యాహ్నభోజనము, స్నేహము, కలహము, ఇవి యన్నియు నందు గానవచ్చును. అందువలన దూరదేశపు కథయైనను మన పిల్లలకు బరాయిదిగా దోపదు.

ఈ వీరులు తమ శక్తిని దాచుకొనుటకు గారణ మన్నిచోట్ల నొక్కటి కాదు. ప్రసిద్ధములైన కొన్ని కథలను బరిశీలించినచో నీ భేదము తేటపడును.

మొదటిది 'మాబ్ సైకో 100'. 'వన్' అను కలముపేరుగల రచయిత 2012లో దీనిని బొమ్మల కథగా బ్రారంభించెను. 2016లో నది చలనచిత్రముగా వెలువడెను. ఇందలి నాయకుడు కగెయామా షిగెయో యను బాలుడు. గుంపులో నొకడు అను నర్థమున వానికి 'మాబ్' అని పేరు వచ్చినది. వాడు చదువు బడి పేరు 'ఉప్పు' మాధ్యమిక పాఠశాల. నౌపడా ఉప్పుమడులను దినదినము జూచు మన పిల్లల కీపేరు విన్నంతనే నవ్వు వచ్చుట సహజము. వస్తువులను జేతితో ముట్టకయే యెగురవేయగల శక్తి వానికి బుట్టుకతోనే కలదు. చిన్నతనమున నొకనాడు ఆ శక్తి యదుపుతప్పి సొంత తమ్మునికే గాయమయ్యెను. నాటినుండి వాడు బెదరి, కోపమును, దుఃఖమును, సంతోషమును గూడ లోలోపలనే యణచుకొనుచుండును. అణచిన భావములు పేరుకొని నూఱుపాళ్లు నిండినపుడు కట్ట తెగినట్లు శక్తి పైకుబుకును. కథ పేరులోని సంఖ్య కిదియే యర్థము. వానికి గురువైన రెయిగెన్ అను నతనికి మాత్ర మే శక్తియు లేదు. పొట్టకూటికై భూతవైద్యుడనని చెప్పుకొనువాడు. అయినను, ఒకడు వేగముగా బరుగెత్తుట, మఱియొకడు చక్కగా బాడుట యెట్టిదో ఈ శక్తియు నట్టిదే యనియు, దానిచే నెవ్వడును ఇతరులకంటె నధికుడు కాడనియు, దానిని మనుష్యులపై బ్రయోగింపరాదనియు నతడు నేర్పును. ఆ బోధ విని బాలుడు బడిలో దేహపరిశ్రమ సంఘమున జేరి, అందఱికంటె వెనుకబడి రొప్పుచు బరుగెత్తును. మంత్రశక్తి గలవాడు పరుగునకై చెమటోడ్చు నీఘట్టము ఈ కథకంతకును ప్రాణము.

రెండవది సైకీ కుసువో కథ. అసో షూయిచి రచించిన యీ బొమ్మల కథ 2012 మొదలు 2018 వఱకు వారపత్రికలో వెలువడెను. సైకీకి లేని శక్తి లేదు. పరుల తలపులు వినును, గోడలకావల జూచును, కనుఱెప్పపాటులో వేఱొకచోటికి బోవును. కాని, యన్నియు ముందే తెలియుటచే వాని కాశ్చర్యమను సుఖమే లేకపోయినది. చిత్రము చూడబోవునంతలో బ్రక్కవాని తలపునుండి ముగింపు తెలిసిపోవును. కావున వాడు కోరునది నెమ్మది యొక్కటే. మార్కులలోను, పరుగుపందెములోను సరిగా నడిమివానిగా నుండుటకై మిక్కిలి శ్రమించుచుండును. తోడి విద్యార్థులలో నెందో యను వానికి దలపులే లేకుండుటచే, సర్వమును వినగల సైకీ కతడొక్కడే చెప్పకుండ వెనుకనుండి రాగలవాడు! ఇందలి హాస్యము మిక్కిలి సున్నితము.

మూడవది కినుగాసా షోగో నవల. 2015లో వెలువడి 2017లో చిత్రమయ్యెను. ఇందలి అయనొకోజి యను విద్యార్థి ప్రవేశపరీక్షలో బ్రతి విషయమునందును సరిగా 50 మార్కులే తెచ్చుకొనును. ఒక విషయములో నేబది వచ్చుట యదృష్టము కావచ్చును. అన్నిటను నేబదియే వచ్చుటకు నూఱు తెచ్చుకొనగల విద్య కావలయును. ఈ బాలుడు కఠినమైన శిక్షణాలయమున బెరిగి, ఆ బంధమునుండి తప్పించుకొని మామూలు బ్రతుకు బ్రతుకగోరి దాగియుండును.

నాలుగవది సతో త్సుతోము రచించిన మంత్రవిద్యాపాఠశాల కథ, 2014లో చిత్రమయ్యెను. ఆ బడిలో మొదటి శ్రేణి విద్యార్థుల యుడుపులపై బువ్వు గుర్తుండును. రెండవ శ్రేణివారి కుండదు. ఒకరిని బువ్వులనియు, వేఱొకరిని గలుపుమొక్కలనియు బిలిచెదరు. షిబా తత్సుయా యను నాయకుడు కలుపుమొక్కలలోనివాడు. వాని విద్య అల్పమైనది కాదు. పరీక్షాధికారుల కొలబద్ద వాని విద్యను గొలువజాలదు. ఇచట వీరుడు దాగుటకంటె, చూచువారికి గన్ను లేకపోవుటయే విశేషము.

అయిదవది ఎండో తత్సుయా రచించిన 'స్పై ఫ్యామిలీ'. 2022లో చిత్రముగా బ్రారంభమైనది. ఇందలి ఆన్యా యను చిన్నది పరుల తలపులు వినగలదు. నిజము తెలిసినచో బెంచుకొన్నవారు తన్ను విడిచిపుచ్చుదురేమో యను భయమే దాని మౌనమునకు గారణము.

ఇట్లు, హాని చేయుదునేమో యను భయము, నెమ్మదిపై గోరిక, బంధవిముక్తి, చూచువారి యల్పదృష్టి, తిరస్కారభయము అను నైదు కారణములు తేలినవి. జపానువారిలో రెండు సామెతలు కలవు: తల యెత్తిన మేకు సుత్తిదెబ్బ తినుననియు, నేర్పుగల డేగ గోళ్లను దాచుకొనుననియు. మొదటిది భయమును, రెండవది వినయమును దెలుపును. ఈ రెంటి నడుమనే యా కథలన్నియు నడచుచున్నవి. మన పెద్దలును నిండుకుండ తొణకదని చెప్పియుండలేదా?

అయితే ఈ విధమైన కథ మనకు గ్రొత్త కాదు. పండ్రెండేండ్లు వనవాసము ముగించిన పాండవులు పదుమూడవయేట విరాటుని కొలువున దాగియుండిరి. తిక్కన సోమయాజి తన భారతరచనను విరాటపర్వముతోనే యారంభించెను. వానలు రానియేట దానిని జదివించుట తెలుగునాట నాచారము. ధర్మరాజు కంకుభట్టై జూదమాడెను; భీముడు వలలుడై వంట చేసెను; నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను గాచిరి; ద్రౌపది సైరంధ్రియయ్యెను. అర్జునుడో, బృహన్నలయై రాచకన్యక యుత్తరకు నాట్యము నేర్పెను. చదువరులు గమనింపుడు: లోకైకవీరుడు దాగినదియు నొక బడిలోనే, నర్తనశాలలోనే. 1963లో వెలువడిన తెలుగు చలనచిత్రమున కాపేరే పెట్టిరి. పగలు బాలికలు నాట్యము నేర్చి యిండ్లకు బోగా, రాత్రి నిర్మానుష్యమైన యా శాలలోనే భీముడు కీచకుని మట్టుపెట్టెను.

జపాను చిత్రములలో మన పిల్లలకు గలుగు నానందము విరాటపర్వమున మన తాతలు పొందినదే. రహస్యము మనకు దెలియును, కథలోనివారికి దెలియదు. ప్రగల్భములు పలికి యుద్ధమునకు బోయిన యుత్తరకుమారుడు కౌరవసేనను జూచి పాఱిపోవుచుండ, సారథియైన 'నాట్యాచార్యుడు' వెంటబడి పట్టి తెచ్చి, జమ్మిచెట్టుమీది యాయుధములు దింపించి, తానెవ్వడో తెలుపు ఘట్టమున సంతసింపనివా డెవ్వడు?

ఐనను రెంటికిని భేదము కలదు. పాండవుల దాపఱికమున కొక గడువు, ఒక నియమము, ఒక ప్రయోజనము కలవు. ఏడాదిలో బయటపడినచో మరల వనవాసము తప్పదు. ఆ నియమము నిలుపుకొనుట కెంత యోర్పు కావలసివచ్చినదో భారతము దాచలేదు. కీచకుడు నిండుకొలువులో ద్రౌపదిని దన్నినపుడు భీముడు పండ్లు కొఱుకుచు నిలువవలసివచ్చినది. బృహన్నలను బొగడినందుకు విరాటుడు పాచికతో గొట్టగా ధర్మరాజు ముక్కునుండి నెత్తురు కాఱెను. అది నేలబడకుండ ద్రౌపది పాత్రతో బట్టెను. ఇది బలముండియు నోర్చుట. గడువు తీఱినవెంటనే అర్జునుడు గాండీవ మందుకొనెను. జపాను కథలలో గొన్ని యేండ్లతరబడి సాగుటచే దాగుటయే యలవాటగును, వెలికివచ్చుట వాయిదాపడును. మఱియొక లోపమును గలదు. వానిలో బెక్కింట శక్తి పుట్టుకతో వచ్చును, సాధన కనబడదు. అర్జునుడు చీకటిలో గూడ బాణము వేయ నభ్యసించినవాడు.

మన ఉత్తరతీరమున నట్టి సాధనకు గుఱుతులు కలవు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారు విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగా బనిచేసి, పిమ్మట సర్కసు స్థాపించి, ఱొమ్ముపై నేనుగును నిలుపుకొని 'కలియుగభీము'డని పేరొందిరి. 1942లో వారు పరమపదించిరి. శ్రీకాకుళమునందలి క్రీడాస్థలము వారి పేరనే యున్నది. ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మొదటి పద్ధతిని 110 కిలోలు, రెండవ పద్ధతిని 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కంచుపతకము గైకొనెను. ఒలింపిక్సులో బతకము పొందిన భారతస్త్రీలలో నామెయే ప్రథమురాలు. ఆ బరువు ఒక్కనాడు లేచినది కాదు; ఏండ్లతరబడి కిలో వెంట కిలో చేర్చినది.

ఇక మన బడిమాట. మన తరగతులలోను దాగినవారు కలరు. వల చినిగిన నిమిషములలో నల్లగల బాలుడు లెక్కల గంటలో దలవంచుకొని కూర్చుండును. కెరటమును జూచి పడవ నెప్పుడు దింపవలెనో యెఱిగిన వానికి, భూగోళపాఠమున ఆటుపోట్లనుగూర్చి యడిగినపుడు నోరు రాదు. తనకు దెలిసినదియు పాఠమున నున్నదియు నొక్కటేయని వాని కెవ్వరును జెప్పియుండరు. ఉత్తరము తెలిసియు, తోడివారు తన యాసను జూచి నవ్వుదురని నోరుమెదపని బాలిక యున్నది. వీరు తత్సుయావంటివారు, ఆన్యావంటివారు, సైకీవంటివారు కారు. వీరు దాగుట సరదాకు గాదు. మన కొలబద్ద చిన్నది కావచ్చును, మన నవ్వు కఱకు కావచ్చును. ఇట్టి బాలుడు తనకు జదువు రాదని నమ్మి, పది ముగియకమునుపే పెద్దలవెంట గుజరాతు తీరమునకు వేటకు బోయినచో, వాని విద్య యెవ్వరికిని దెలియకయే పోవును. జమ్మిచెట్టుపై నాయుధములు దింపువారు లేక యట్లే తుప్పుపట్టును. సువార్తలోని తలాంతుల యుపమానమున, యజమానుని సొమ్ము భూమిలో బాతిపెట్టిన దాసుడు చెప్పుకొన్న కారణము భయమే యనుట మన బడివారందఱు నెఱుగుదురు.

అట్లని మౌనముగా నుండు ప్రతిబిడ్డయు దాగిన వీరుడే యనుకొనరాదు. మాబ్ వలె దుఃఖమును దిగమ్రింగుచున్నవారును గలరు. ఒకరికి గన్ను సరిగా గానరాదు; ఒకరి తండ్రి సముద్రముపై నున్నాడు; ఒకరిని తోడివారు వేధించుచున్నారు. నూఱుపాళ్లు నిండకముందే పలుకరించుట పెద్దల పని. పలుకరించుటకు మంత్రశక్తి యక్కఱలేదు; రెయిగెన్‌కు నది లేదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి: ఈ చిత్రములను మీరును బిడ్డ ప్రక్కన గూర్చుండి యొకటి చూడుడు. నిద్రను, చదువును జెఱచునంతగా జూడనీయకుడు. ఏ వీరు డేల దాగెనో వానినే యడుగుడు. ఆ జవాబులో వాని మాటయు గొంత వినబడవచ్చును. ఉపాధ్యాయులకు మనవి: సంవత్సరమున నొక్కసారియైన మార్కుల పట్టికలో లేని విద్యను జూపుట కవకాశ మిండు, వల యల్లుటయు, పడవ నడపుటయు, పాటయు, మరమ్మతుపనియు నందు జేరవలెను. విద్యార్థులకు మనవి: వినయమునకై దాగవచ్చును, నియమమునకై దాగవచ్చును, తోడివాని నవ్వునకు వెఱచి మాత్రము దాగవలదు. ఉపాధ్యాయుడు ప్రశ్న యడిగినపుడు ఉత్తరము తెలిసినచో జేయి యెత్తుడు. తప్పైనచో సవరింతుము.