ముందు పలక మీద, తర్వాతే వెన్ను మీద

ధర్మవరంలో గుంట మగ్గం దగ్గర రోజంతా వంగి నేసేవారి నడుంనొప్పి మనకు కొత్త కాదు. అందరికీ ఆపరేషన్ అవసరం రాదు. వస్తే మాత్రం భయమే. వెన్నుపూసలో బిగించే స్క్రూ కొద్ది మిల్లీమీటర్లు పక్కకు పోయినా నరం దెబ్బతినవచ్చు.

అందుకే ‘మిక్స్‌డ్ రియాలిటీ’ శిక్షణ. 2016లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన హోలోలెన్స్ వంటి కళ్లద్దాలు పెట్టుకుంటే, ఎదుట ఉన్న ప్లాస్టిక్ వెన్నెముక మీద స్కాన్‌ల నుంచి తయారుచేసిన లోపలి రూపం కనిపిస్తుంది. స్క్రూ ఎక్కడ, ఏ కోణంలో దిగిందో కంప్యూటర్ కొలిచి చెబుతుంది. తప్పితే మళ్లీ మొదలు. అయితే పక్కన అనుభవజ్ఞుడైన గురువు ఉండాల్సిందే.

బడిలో మేము ముందు పలక ఇచ్చేది తప్పు తుడుచుకోవడానికే. మనిషి వెన్నులో తప్పును తుడవలేం. హిందూపురం, పెనుకొండల నుంచి వైద్యం చదివే మన పిల్లలను మీ ఫీజు సాయం అలాంటి పలక దాకా చేర్చాలని మా కోరిక.