సైకిలు దీపము – తీగల అమరిక

కృష్ణానది పాయ యొకటి హంసలదీవి చెంత సాగరమును కలియుచున్నది. కోడూరు మండలమునకు చెందిన పాలకాయతిప్ప ఆ సమీపముననే కలదు. ఇట్టి తీరప్రాంతమున రాత్రివేళ కరకట్టపై సైకిలు తొక్కువానికి దీపము అలంకారము కాదు, రక్షణ. 1977 నవంబరు 19వ తేదీన తుఫాను, ఉప్పెన దివిసీమను ముంచివేసినవి. గాలివానకు వీధిదీపములు ఆరిన రాత్రి ఇంటింటికి హెచ్చరిక కొనిపోవువాని సైకిలు దీపమైనను వెలుగవలెను గదా! బల్బు చక్కగా నున్నను, వ్రేలాడు తీగ తెగినచో ఆ దీపము వెలుగదు. కావున తీగల అమరికను గూర్చి ఇచ్చట వివరింపదలచితిమి.

చక్రముతోపాటు డైనమో తిరిగినపుడు, దానిలోని అయస్కాంతము తిరిగి విద్యుత్తు పుట్టును. సాధారణముగా దాని శక్తి 6 వోల్టులు, 3 వాట్లు మాత్రమే. ఇంత స్వల్పశక్తికి చిన్న అడ్డు కలిగినను దీపము మసకబారును. పెక్కు సైకిళ్లలో డైనమోనుండి దీపమునకు పోవునది ఒక్క తీగయే. విద్యుత్తు తిరిగివచ్చు మార్గము ఇనుప ఫ్రేమే. అందుచే బిగింపు మర రంగుపొరను చీల్చి లోహమును తాకవలెను. ఉప్పుగాలి వలన రాగికి పట్టు పచ్చని చిలుము, ఇనుమునకు పట్టు తుప్పు ఈ మార్గమును అడ్డగించును.

తీగను చక్రపు పుల్లలకు, చైనుకు దూరముగా గొట్టము వెంబడి నడిపి, జానెడు దూరమున కొక కట్టు చొప్పున టేపుతో బిగింపవలెను. బ్రేకుల కదలికకు అది అడ్డు రాకూడదు. హ్యాండిలు తిరుగుచోట తీగను బిగలాగరాదు. హ్యాండిలును ఇరువైపుల పూర్తిగా త్రిప్పి చూచి, చాలినంత వంపు విడువవలెను. తీగ కొనలను, మరలను గరుకు కాగితముతో రుద్ది, గట్టిగా బిగించి, పైన కొంచెము గ్రీజు పూయవలెను. దీపములో చేరుటకు ముందు తీగ క్రిందికి వంగి పైకి లేచినచో, వాననీరు ఆ వంపుననే జారిపోవును.

డైనమో దీపము సైకిలు ఆగినంతనే ఆరిపోవును. కావున వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టరు తప్పక ఉండవలెను.

నేడు బ్యాటరీ దీపములు, బ్యాటరీతో నడచు సైకిళ్లు వాడుకలోనికి వచ్చినవి. వాని తీగలపై పొర ఒరిసిపోయి లోపలి రాగి ఒకదానికొకటి తగిలినచో తీగ కాలి నిప్పంటుకొనవచ్చును. వానిని సవరించుటకు ముందు బ్యాటరీని విడదీయవలెను. ఫ్యూజు కాలినచో దాని స్థానమున మామూలు తీగ చుట్టరాదు.

పంచాయతీ సభ్యులు వానకాలమునకు ముందొకసారి, తరువాత నొకసారి, గ్రామములోని సైకిలు మేస్త్రీని పాఠశాలకు పిలిపించి, బాలబాలికల సైకిళ్లను పరీక్షింపజేయుట మేలు. ఇందుకు కావలసినది ఒక టేపుచుట్ట, ఒక గరుకు కాగితము, కొంచెము గ్రీజు. ఇంత స్వల్పవ్యయముతో మన పిల్లలు చీకటిదారిని క్షేమముగా ఇల్లు చేరుదురు.