అడుగంటని గిన్నె ఖరీదెంత?

మదనపల్లె మార్కెట్‌లో టమాటా ధర పడిపోయిందంటే చుట్టుపక్కల వంటిళ్లలో పొయ్యి మీద పెద్ద గిన్నెలు ఎక్కుతాయి. 2023 జులైలో కిలో రెండు వందల దగ్గరికి పోయిన పండు ఇదే. మరో సీజన్‌లో అడిగే నాథుడు లేక రోడ్డు పక్కన కుప్పలుగా పడి ఉండేదీ ఇదే. చౌకగా దొరికినప్పుడే నాలుగు కిలోలు ఉడికించి పచ్చడి పెట్టుకోవాలి. సరిగ్గా అప్పుడే గిన్నె సంగతి బయటపడుతుంది. పైన ఇంకా నీళ్లు నీళ్లుగా ఉండగానే అడుగున మాడు వాసన మొదలవుతుంది. గిన్నె పుల్లటిదాన్ని తట్టుకోవాలి, చిక్కటిదాన్ని మాడకుండా ఉడికించాలి. ఈ రెండూ ఒకేసారి చేయగల గిన్నె చవకగా దొరకడం కష్టం.

చిక్కదనం సంగతి ముందు చూద్దాం. చారు కాగేటప్పుడు అడుగున వేడెక్కిన నీరు పైకి లేస్తుంది, పైన చల్లగా ఉన్నది కిందికి దిగుతుంది. వేడిని ద్రవమే మోసుకుపోతుంది కాబట్టి గిన్నె ఎంత పల్చనిదైనా చారుకు ఢోకా లేదు. టమాటా గుజ్జు దగ్గరపడేకొద్దీ ఈ ప్రయాణం ఆగిపోతుంది. రాగి సంగటిలోనైతే అసలు ఉండదు. పిండిలోని గంజి ఉబ్బి ముద్ద కట్టాక వేడి కింది నుంచి అంగుళం అంగుళంగా పాకాల్సిందే. సంగటిని తెడ్డుతో అంత బలంగా గెలకడం ఉండలు విరగడానికే అనుకుంటాం గానీ, ద్రవం మానేసిన పనిని అక్కడ చెయ్యి చేస్తోంది.

గిన్నె అడుగు చేయాల్సిన పని కూడా అలాంటిదే. మంట తగిలేది కొన్ని చోట్లే. ఆ వేడిని అడుగంతా పరవాలి. దీనికి రెండు లెక్కలు కావాలి. లోహం వేడిని ఎంత బాగా మోస్తుంది, ఎంత మందం ఉంది. శాస్త్రవేత్తలు వాడే కొలమానంలో రాగి ఉష్ణవాహకత సుమారు 400, అల్యూమినియంది 200 పైచిలుకు, ఇనుముది 50 దరిదాపు. స్టెయిన్‌లెస్ స్టీలుది 15 మాత్రమే. తళతళలాడే స్టీలు వేడిని మోయడంలో ఇంత బద్ధకస్తురాలు కాబట్టే పల్చటి స్టీలు గిన్నె అడుగున బర్నరు ఆకారంలో మాడు వలయం పడుతుంది.

మందం తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. స్టీలు సామాను తూకానికి అమ్మే అంగట్లో కాటా ఉంటే చాలు. 20 సెంటీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గిన్నెను తీసుకోండి. అడుగూ గోడా కలిపి వైశాల్యం సుమారు 940 చదరపు సెంటీమీటర్లు. స్టీలు సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 8 గ్రాములు. రేకు మందం ఒక మిల్లీమీటరైతే మూత కాకుండా గిన్నె 750 గ్రాములు తూగాలి. 370 తూగిందంటే అది అర మిల్లీమీటరు రేకు. చారుకూ నీళ్లు కాచుకోవడానికీ తప్ప దేనికీ ఇవ్వకండి.

అదే 750 గ్రాములకు అదే సైజు అల్యూమినియం గిన్నె కొంటే మందం 3 మిల్లీమీటర్లు వస్తుంది. అల్యూమినియం సాంద్రత 2.7 మాత్రమే మరి. వాహకతను మందంతో హెచ్చవేస్తే స్టీలుకు 15, అల్యూమినియంకు 600. ఒకే బరువుకు వేడిని అడుగంతా పరిచే శక్తి 40 రెట్లు! పెళ్లి వంటలకు, హోటళ్లకు నేటికీ మందపాటి సత్తు గిన్నెలే దిక్కు కావడానికి ధర ఒక్కటే కారణం కాదన్నమాట.

పుంగనూరులో పాలు కాచేవాళ్లకు ఈ 40 రెట్ల విలువ తెలుసు. ఇక్కడి పొట్టి ఆవు పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుందని పేరు. మామూలు ఆవు పాలలో అది 3 నుంచి 5 శాతం. అంత చిక్కటి పాలు అడుగంటితే నెపం వెన్న మీదికి పోతుంది. వెన్న పాపం పైకి తేలేదే. అడుగున అంటుకునేవి పాలలోని మాంసకృత్తులు. వేడి 70 డిగ్రీలు దాటేసరికి పాలవిరుగుడు మాంసకృత్తుల మడతలు విప్పుకుని, కాల్షియం లవణాలతో కలిసి గిన్నెకు అతుక్కుంటాయి. ఆ పొర మీద పాల చక్కెర కూడా చేరి గోధుమరంగుకు తిరిగి మాడుతుంది. సెగ ఒకే చోట తగలకపోతే ఇదంతా చాలా తగ్గుతుంది. పాలకు పులుపు లేదు కనుక మందపాటి అల్యూమినియం గిన్నె హాయిగా సరిపోతుంది. సంగటికీ అన్నానికీ అంతే.

ఇక పులుపు. అల్యూమినియం మీద గాలి తగలగానే సన్నని ఆక్సైడు పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్యలో ఆ పొర నిలకడగా ఉంటుంది. టమాటా 4.3 దగ్గర, అంటే గట్టు మీద నిలబడి ఉంది. చింతపండు పులుసు గట్టు దాటేసింది. ఉప్పు కూడా కలిసి, గంటలకొద్దీ ఉడికి, రాత్రంతా అందులోనే ఉంటే లోహం కరిగి కూరలోకి చేరుతుంది, గిన్నె లోపల గుంటలు పడతాయి. ఒక పూట తిన్నంత మాత్రాన భయపడాల్సింది లేదు. వారానికి శరీర బరువులో కిలోకు 2 మిల్లీగ్రాముల దాకా అల్యూమినియం ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్‌ఏఓల ఉమ్మడి నిపుణుల సంఘం 2011లో తేల్చింది. ఒంట్లో చేరినదాన్ని బయటికి పంపేది మూత్రపిండాలు కాబట్టి, వాటి జబ్బున్నవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

కాబట్టి పులుసుకూ టమాటా పచ్చడికీ స్టీలే. అయితే అడుగున అల్యూమినియం మందంగా పొదిగినదో, రెండు స్టీలు రేకుల నడుమ అల్యూమినియం ఉన్న ట్రైప్లై రకమో తీసుకోవాలి. డబ్బు పెట్టాల్సింది ఈ ఒక్క గిన్నె మీదే. అడుగున రాగి పూత పూసిన గిన్నెలు చూడముచ్చటగా ఉంటాయి. ఆ పూత మిల్లీమీటరులో చిన్న తునక. రాగి ఎంత మంచి వాహకమైనా అంత పల్చని పొర చేసేది పెద్దగా ఏమీ ఉండదు.

స్టీలు రకం చూడడానికి అయస్కాంతం పట్టుకెళ్లే తెలివైనవాళ్లుంటారు. నికెల్ లేని 430 రకానికి అయస్కాంతం అంటుకుంటుంది, నిజమే. కానీ 8 శాతం నికెల్ ఉన్న 304కీ, నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక 202కీ అది అంటుకోదు. ఆ రెంటినీ అయస్కాంతం విడదీయలేదు. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లకైతే అయస్కాంతం అంటుకునే అడుగే కావాలి. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి చేస్తూ 2024 మార్చిలో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. తళుకు కన్నా ఆ ముద్ర వెతకడం మేలు. ఇంటికి తెచ్చాక ఏ రకమైనా, చల్లటి నీళ్లలో ఉప్పు వేసి వదిలేయకుండా మరిగాక వేస్తే అడుగున చిన్న చిన్న గుంటలు పడవు.

కుప్పం వైపు గ్రానైట్ క్వారీలున్నాయి. ఆ ఊళ్లోనూ ‘గ్రానైట్’ పెనం అని అమ్మితే కొనేవాళ్లుంటారు. సాధారణంగా అందులో ఉండేది అల్యూమినియం, దాని మీద చుక్కలు చల్లిన నాన్‌స్టిక్ పూత. 1938లో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ కంటపడిన టెఫ్లానే అది చాలావరకు. 260 డిగ్రీలు దాటితే దాని ఆయుష్షు తగ్గడం మొదలవుతుంది. ఖాళీ పెనం పెద్ద మంట మీద కొద్ది నిమిషాల్లోనే ఆ వేడికి చేరుతుంది. దోసెకు కావలసిందే కాలిన పెనం! రాతి పాత్ర మీద మోజుంటే బలపం రాయితో చేసిన రాచిప్ప ఉంది. పులుపుకు దాదాపు చలించదు, దించాక కూడా పులుసు కాసేపు ఉడుకుతూనే ఉంటుంది. కాకపోతే నెమ్మదిగా వేడెక్కించాలి, కింద పడితే అంతే.

పెనానికీ బాణలికీ ఇనుమును మించింది లేదు. పల్చగా నూనె రాసి బాగా కాల్చినప్పుడు నూనెలోని అసంతృప్త కొవ్వులు ఆక్సిజన్‌తో కలిసి ఒకదానికొకటి గొలుసు కడతాయి. నల్లగా నిగనిగలాడే ఆ పొరే దోసెను అంటుకోనివ్వదు. చెరిగిపోతే మళ్లీ కట్టుకోవచ్చు, నాన్‌స్టిక్ పూతకు ఆ వీలు లేదు. టమాటా, చింతపండు ఆ పొరను తినేసి ఇనుమును కూరలోకి లాగుతాయి. కూర నల్లబడుతుంది, రుచి కాస్త మారుతుంది. కానీ అది నష్టమని చెప్పలేను. ఇథియోపియాలో ఇనుప కుండల్లో వండిన ఆహారం తిన్న పిల్లల్లో రక్తహీనత తగ్గిందని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉన్న రాష్ట్రం మనది. తాజా టమాటా కూరను ఇనుప బాణలిలో వండి వెంటనే వేరే గిన్నెలోకి తీసుకుంటే సరి. నిలవ పచ్చడి మాత్రం అందులో వద్దు.

అన్నీ ఒకేసారి కొననక్కర్లేదు. ముందు ఇనుప పెనం, మందపాటి అల్యూమినియం గిన్నె తెచ్చుకుని, చిట్టీ డబ్బు చేతికొచ్చాక అడుగు మందమున్న స్టీలు గిన్నె తీసుకోవచ్చు. పిడి ఉన్నదైతే రివెట్లు కొట్టిందే చూడండి. చుక్క వెల్డింగు పిడి గిన్నె కన్నా ముందే ఊడి వస్తుంది.