మాకు రాత్రిపూటే దక్కిన చెరువు

మృగశిర కార్తె నాడు తెలంగాణలో ఇంటింటా చేపల కూర వండుతారు. ఆ రోజు విశ్వవిద్యాలయంలో నా సహోద్యోగులు చేపల రుచుల గురించి మాట్లాడుకుంటుంటే, నాకు చిట్యాల దగ్గరి మా ఊరి చెరువూ, దాని మత్తడి కింద మా కుటుంబం గడిపిన రాత్రులూ జ్ఞాపకం వస్తాయి.

అది ఎనభైల చివరి కాలం. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వానలకు చెరువు నిండి మత్తడి దుంకితే ఊరు సద్దుమణిగాక నాయిన, చిన్నాయిన, అమ్మ, అక్క, నేను వాగులోకి దిగేవాళ్లం. మా వేట వాలుగ కోసం. అది పొలుసులు లేని చేప. దాని నోరు వెడల్పు, పళ్లు పదును. పగలు మడుగు అడుగున దాగి రాత్రి ఆహారం వెతుక్కుంటుంది. వాన నీటికి ఎదురెక్కి గుడ్లు పెడుతుంది. చిన్నాయిన లావు తాళ్లకు గాలాలు కట్టి, కప్పలను ఎరగా గుచ్చేవాడు. అమ్మ కందిలికి ఒక పక్క గోనెసంచి కప్పి పట్టుకునేది. వెలుగు కట్ట వైపు పోకూడదు. ఎందుకని అడిగితే, "చేప బెదురుతది బిడ్డా" అనేది. బెదిరింది మేమేనని పెద్దయ్యాక గాని నాకు అర్థం కాలేదు.

ఒక రాత్రి నా భుజం ఎత్తున్న వాలుగ పడింది. తాడు ఒరుసుకుపోయి చిన్నాయిన అరచేతులు చీరుకుపోయాయి. అందరం కలిసి దాన్ని ఒడ్డుకు లాగేసరికి కట్ట మీది నుంచి ఇద్దరు కావలివాళ్లు దిగి వచ్చారు. "మీకు చెరువుతోటి ఏం పనిరా?" అన్నారు. తనకన్నా చిన్నవాళ్లైన ఆ ఇద్దరినీ నాయిన "అన్నా" అంటూ చేతులు జోడించాడు. చేపా, గాలాలూ వాళ్లే తీసుకుపోయారు. ఆ రాత్రి మేం జొన్న రొట్టె, పచ్చిమిరప కారంతో సరిపెట్టుకున్నాం.

చెరువుతో మాకు ఏం పని? మా తాత ఆ చెరువుకు నీరటికాడు. తూము తెరిచి, మడవలు మలిపి, ఎవరి పొలానికి ఎంత నీరు పోవాలో అంత పంపిన మనిషి. కట్టకు గండి పడే ప్రమాదం ఉంటే రాత్రంతా వానలో కాపలా ఉండాల్సిందీ ఆయనే. తెలంగాణలో చాలా ఊళ్లలో ఈ పని దళితులదే. చెరువును కాపాడే బాధ్యత మాది. అందులోని చేప మాత్రం మాది కాదు.

మమ్మల్ని తరిమినవాళ్లు దొరలు కారు, ముదిరాజులు. వాళ్లు పట్టిన చేపల్లో పెద్దది ముందు పటేలు ఇంటికి వెళ్లాల్సిందే. ఈనాటికీ చెరువు మీద హక్కు ఎవరిదన్న విషయంలో ముదిరాజులకూ గంగపుత్రులకూ వివాదం నడుస్తున్నది. వెనుకబడిన తరగతుల జాబితాలో గంగపుత్రులు ఏ గ్రూపులో, ముదిరాజులు డీ గ్రూపులో ఉండటం మరో పేచీ. తరాలుగా వల నమ్ముకున్న ఇద్దరి వాదనల్లోనూ న్యాయం ఉంది. కానీ ఆ వాదులాటలో మూడో మనిషి ఊసే రాదు. అంబేడ్కర్ చెప్పిన అంతస్తుల అసమానత ఇదే. ప్రతి మెట్టు మీదివాడికీ తన కింద ఇంకొక మెట్టు ఉందన్న తృప్తే ఆ నిచ్చెనను నిలబెడుతున్నది.

ప్రజా నిధులతో నడిచే నీటి వనరులను అస్పృశ్యులూ వాడుకోవచ్చని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. అయినా మహద్ చవదార్ చెరువు నీటిని తాగడానికి 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో కదలవలసి వచ్చింది. ఆ అనుభవపు జాడ మన రాజ్యాంగం 15(2) అధికరణలో కనిపిస్తుంది. ప్రభుత్వ నిధులతో నిర్వహించే బావులు, చెరువులు, స్నానఘట్టాల వాడకంలో కులం పేరిట ఎవరికీ ఆంక్ష ఉండరాదని అది చెబుతున్నది. ఆ అధికరణ నీటికే గాని చేపకు వర్తించదని ఎవరైనా వాదించవచ్చు. అయితే 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీసింది ప్రజల డబ్బుతోనే. 2016 నుంచి ఉచితంగా వదిలిన చేపపిల్లలూ ప్రజల డబ్బుతో కొన్నవే. ఆ ప్రజల్లో మా వాడ లేదా?

వలను నమ్ముకున్నవాళ్ల హక్కు లాక్కోమని నేను అనడం లేదు. అడిగేవి మూడే. ఇంటి కూరకు గాలం వేసుకోవడం దొంగతనం కాదని సంఘాలు ఒప్పుకోవాలి. చేపలు పట్టే రోజున మోతకూ కూలికీ పిలిచే దళితులకు ఆదాయంలో వాటా కావాలి. ఎండలో కూర్చుని చేపలమ్మే ఆడవాళ్లకు, ఏ కులంవారైనా, సభ్యత్వం కావాలి.

వాలుగకూ ఇప్పుడు చెరువులో చోటు లేదు. బొచ్చె, రవ్వ పిల్లలను మింగుతుందని దాన్ని ఏరివేస్తున్నారు. ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్న జాతుల జాబితాలోకి అది చేరింది.

కిందటేడు నా బిడ్డకు ఆ చెరువు చూపిద్దామని వెళ్లాను. నాయినా మా వెంట వచ్చాడు. వాలుగ పడ్డ చోటు ఏదని అది అడిగింది. నాయిన వేలితో చూపిస్తూ, గుసగుసగా, ఆ రాత్రి కథ చెప్పాడు. అప్పుడు మిట్టమధ్యాహ్నం. కట్ట మీద మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు.