కాలేజీలో చేరిన కొత్తలో...

మీ అమ్మాయో అబ్బాయో ఇంటర్ పాసయి ఈ ఏడు డిగ్రీలో చేరుతున్నారా? ఫీజు కట్టి, బస్ పాసు తీసిస్తే మన పని అయిపోయిందనుకోకండి. మా ఇంట్లో జరిగింది చెప్తాను, వినండి.

మా పెద్దమ్మాయి ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీకి ఇంగ్లీషు మీడియమే పెట్టారు కదా! నెల తిరక్కుండానే "నావల్ల కాదమ్మా, మానేస్తా" అని ఏడుపు. "అయితే సంబంధాలు చూద్దాం" అన్నారు మా అత్తగారు. నా గుండె జారిపోయింది. నేనూ ఇంటర్‌తో ఆగిపోయినదాన్నే మరి!

కూర్చోబెట్టి అడిగితే సంగతి తెలిసింది. స్కూల్లోలా హోంవర్కు ఇచ్చి దిద్దేవాళ్ళు లేరు. లెక్చరర్ గారు పాఠం చెప్పి వెళ్ళిపోతారు. అర్థమైందా అని ఒక్కొక్కరినీ అడగరు. అడిగేవాళ్ళు లేరని కొందరు పిల్లలు హాయిగా తిరుగుతారు, కొందరు బెంబేలెత్తిపోతారు. రెండూ నష్టమే.

ఎందుకంటే ఇప్పుడు ఏడాదికోసారి పరీక్షలు కావు. మూడేళ్ళకి ఆరు సెమిస్టర్లు. కాలేజీలో పెట్టే ఇంటర్నల్ మార్కులూ కలుస్తాయి. దసరా తర్వాత చూద్దాంలే అంటే కుదరదు. హాజరు మామూలుగా 75 శాతం ఉండాలి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పిల్లల్ని ఆపేసేది మనమే, గుర్తుంచుకోండి!

మేం ఏం చేశామంటే, లైబ్రరీ నుంచి తెలుగు అకాడమీ పుస్తకం తెప్పించాం. రేపటి పాఠం ఈ రాత్రే తెలుగులో చదువుకుని వెళ్ళేది. అర్థంకానిది క్లాసయ్యాక వెళ్ళి అడగమన్నాను. భయపడుతూనే వెళ్ళింది. ఆయన విసుక్కోకుండా చెప్పారట!

సాయంత్రం నేను కూర తరుగుతుంటే ఆ రోజు పాఠం నాకు చెప్పేది. ఒకరోజు డిమాండు, సప్లయి గురించి చెప్పింది. సరుకు తగ్గి, కొనేవాళ్ళు తగ్గకపోతే ధర పెరుగుతుందట. "ఓసి, మన టమాటాల సంగతేగా!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నాకు చెప్పడంతో తనకీ బాగా గుర్తుండిపోయింది.

మొదటి సెమిస్టర్లో ఒక సబ్జెక్టు పోయింది. దాచకుండా చెప్పాం, తిట్టలేదు. తర్వాత మళ్ళీ రాసి గట్టెక్కింది. ఇప్పుడు మానేస్తానన్న మాటే లేదు. అత్తగారూ సంబంధాల ఊసెత్తడం లేదు.

అందుకే చెప్తున్నా, పిల్లలు ఇంటికి రాగానే "మార్కులెన్ని?" అనకండి. "ఇవాళ ఏం చెప్పారు?" అని అడగండి. మనకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, వినండి చాలు.